విజ్ఞాన వాణిజ్యముల జంటచదువు

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ రాజోలు సీమలో, 216వ జాతీయరహదారి వెంబడి వెలసియున్న తాటిపాక, బాటసారి కంటికి కోనసీమలోని తక్కిన కొబ్బరితోటల పల్లెలవలెనే కానవచ్చును గాని, ఆ నేలకు రెండు తీరుల సంపద కలదు. ఒకటి నేలపై కొబ్బరిగా, వరిగా, అరటిగా పండునది. రెండవది నేల అడుగున, భూగర్భశాస్త్రజ్ఞులు కృష్ణా-గోదావరి బేసిన్ అని వ్యవహరించు శిలాస్తరములలో, ముడిచమురుగను సహజవాయువుగను అణగియున్నది. మొదటిదానికి అంబాజీపేట విపణి యైనది, రెండవదానికొరకు ఓ.ఎన్.జి.సి. సంస్థ 2001వ సంవత్సరమున తాటిపాకలో, సాలుకు 66 వేల టన్నుల ముడిచమురును శుద్ధిచేయగల చిన్న రిఫైనరీని నెలకొల్పినది. ఇంతటి సంపద నడుమ పుట్టి పెరిగిన యువకుడుగాని యువతిగాని ఇంటర్మీడియట్ ముగించి, ఏ చదువు చదివినచో ఈ సంపదతో తమ బ్రతుకు ముడిపడునని అడిగినయెడల, చెప్పదగిన సమాధానములలో మన పెద్దలు ఇంకను తగినంతగా ఆలోచింపనిది యొకటి కలదు: అది విజ్ఞానశాస్త్రమును వాణిజ్యశాస్త్రమును జంటగా చదువుట.

మన విద్యావిధానములో ఈ రెండింటి నడుమ గోడ చాల తొందరగానే లేచును. పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలోనే, పదునైదేండ్ల పిల్లవాడు ఎం.పి.సి.లోనో బై.పి.సి.లోనో చేరినచో ప్రయోగశాల పక్షమునకును, సి.ఇ.సి.లో చేరినచో జమాఖర్చుల పక్షమునకును చెందినవాడగును. అటుపిమ్మట ఒక పక్షమువాడు రెండవ పక్షపు పుస్తకమును తెరచి చూచు సందర్భమే రాదు. మార్కులు బాగుగా వచ్చినవారు సైన్సుకును, తక్కినవారు కామర్సుకును పోవలెనను దురభిప్రాయము ఈ గోడను మరింత ఎత్తుచేసినది. తత్ఫలితముగా, సరుకు యొక్క తత్త్వము నెరిగినవాడు దాని వెల నెరుగడు, వెల నెరిగినవాడు దాని తత్త్వము నెరుగడు. కోనసీమ సంపద కోనసీమకు పూర్తిగా దక్కకపోవుటకు గల కారణములలో ఈ విభజన యొకటియని నా దృఢవిశ్వాసము.

ఈ మాట గాలిలో చెప్పినది కాదని చూపుటకు కురిడీ కొబ్బరినే పరిశీలింతము. చెట్టున బాగుగా ముదిరిన కాయలను దింపించి, వానిని అటకపై పేర్చి, ఎనిమిది మొదలు పండ్రెండు మాసములవరకు కదల్పక నిలువయుంచినచో, లోపలి నీరు క్రమముగా ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్పనుండి విడివడి, కాయను చెవియొద్ద ఊపినప్పుడు గుండు తగులు చప్పుడు వినవచ్చును. అప్పుడది కురిడీ యైనదని అనుభవజ్ఞులు నిర్ణయింతురు. అంబాజీపేటలో గండేరా, గటగట యను తరగతులుగా, వెయ్యింటికి ఇంత యని బేరమై, అది ఉత్తరదేశపు రాష్ట్రములకు లారీలపై తరలిపోవును. ఈ వ్యవహారమంతయు తాతముత్తాతల నాటినుండి జరుగుచున్నదే. ఐనను దీనియందు ఒక రసాయనశాస్త్ర పాఠమును, ఒక వాణిజ్యశాస్త్ర పాఠమును ఒకదానినొకటి పెనవేసికొనియున్నవని గ్రహించినవారు అరుదు.

రసాయనశాస్త్రము చెప్పునది యిది. పచ్చి కొబ్బరిలో బరువున సుమారు సగము నీరే. దానిని నూటికి ఆరు పాళ్ల తేమ మిగులువరకు ఆరబెట్టినప్పుడే అది చెడక నిలుచును, అందు నూటికి అరువదియైదు పాళ్ల ప్రాంతమున నూనె యుండును. తేమ అంతకు మించి మిగిలినచో బూజు పట్టును. ఆ బూజులలో ఆస్పర్‌జిల్లస్ జాతికి చెందినవి కొన్ని అఫ్లటాక్సిన్ అను విషపదార్థమును పుట్టించును, అది కాలేయమునకు తీవ్రహాని కలిగించునది. వాణిజ్యశాస్త్రము చెప్పునది యిది. లక్షరూపాయల కాయను నెలకు నూటికి రూపాయి వడ్డీపై తెచ్చిన సొమ్ముతో కొని పదినెలలు అటకపై నుంచినచో, పదివేల రూపాయల వడ్డీ సరుకు వెలలో కలిసినట్లే. కుళ్లిన కాయల నష్టము, అటక మరమ్మతు, ఏరుడు కూలి దీనికి పైబడును. ఈ ఖర్చులను పద్దు వ్రాసికొనని రైతు, అమ్మిన దినమున చేతికి వచ్చిన మొత్తమును చూచి లాభమని భ్రమపడును.

ఇప్పుడీ రెండు పాఠములను కలిపి చూడుడు. నూనెకు ఆడించు ఎండుకొబ్బరికి 2025వ సంవత్సరపు పంటకాలమునకు కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 11,582 రూపాయలును, కురిడీకి 12,100 రూపాయలును కనీస మద్దతుధరగా ప్రకటించినది. నూటికి పదిపాళ్ల తేమ మిగిలిన ఎండుకొబ్బరి నూరు కిలోలు కొన్న మిల్లుదారు, దానిని ఆరుపాళ్ల తేమకు దింపునప్పటికి నాలుగు కిలోలకు పైగా బరువు కోల్పోవును. మద్దతుధర లెక్కన అది క్వింటాలుకు సుమారు 490 రూపాయల నష్టము. కనుక అతడు తరుగు పేరిట ముందుగానే ధర కోయును. తేమను కొలుచు సాధనము లేని రైతు, తన సరుకు నిజముగా తడిగానున్నదో లేదో తెలియక, కోసినంత కోయించుకొనును. తేమమాపకము పట్టి కొలువగలిగి, ఆ కొలతను రూపాయలలోనికి మార్చగలిగి, ఇంకను రెండు దినములు ఆరబెట్టుట లాభమో, నేడే అమ్మివేయుట లాభమో నిర్ణయింపగల వ్యక్తి ఊరికొక్కడున్నను ఎందరి బేరములో చక్కబడును! అట్టి వ్యక్తికి కావలసిన రసాయనశాస్త్రము గొప్పది కాదు, కావలసిన గణకశాస్త్రము గొప్పది కాదు. రెండును ఒక్కని బుద్ధిలో నుండుటయే గొప్ప.

తాటిపాక రిఫైనరీ విషయమును ఇట్టిదే. ముడిచమురును వేడిచేసి స్వేదనస్తంభములోనికి పంపినప్పుడు, ఒక్కొక్క ఉష్ణోగ్రతయొద్ద ఒక్కొక్క అంశము వేరుపడి నాఫ్తాగను, కిరోసిన్‌గను, డీజిల్‌గను వెలికివచ్చునని బి.ఎస్సీ. విద్యార్థి చదువును, ఆ యంశములలో దేనికి గిరాకీ యున్నది, దేనిని ఎంత నిలువ చేయవలెను, అంతర్జాతీయ విపణిలో పీపా ధర మారినప్పుడు లాభనష్టముల పట్టీ ఎట్లు మారును అను ప్రశ్నలు బి.కాం. విద్యార్థివి. కర్మాగారములో ఈ రెండు ప్రశ్నలును ఒకే ఉదయమున ఒకే బల్లపై ఎదురగును.

లెక్కకును శాస్త్రమునకును సంబంధము తెగినప్పుడు కలుగు కీడు ధనమాత్రముతో పోవునది కాదని మన సీమయే చూచినది. 1995 జనవరిలో పాశర్లపూడియొద్ద చమురుబావి నుండి ఎగసిన మంట అరువదియైదు దినములు ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీ వేకువన నగరము గ్రామమున వాయువు గొట్టము పగిలి చెలరేగిన అగ్నికి ఇరువదిమందికి పైగా ఆహుతియైరి. వాయువుతో కలిసి ప్రవహించిన నీరును ద్రవాంశములును గొట్టమును లోపలనుండి తుప్పుపట్టించినవని విచారణలో తేలినది. పొడివాయువు ప్రవహింపదగిన గొట్టములో తేమతో కూడిన వాయువు ప్రవహించిన ఏమగునో రసాయనశాస్త్రము చెప్పును. గొట్టమును మార్చుటకు, వాయువును ఆరబెట్టుటకు అగు వ్యయమును ఏ సంవత్సరపు పద్దులో వ్రాయవలెనో నిర్ణయించువాడు ఆర్థికాధికారి. ఆ అధికారికి తుప్పు యొక్క వేగము అర్థము కానిచో, అతని కంటికి భద్రతకై పెట్టు ఖర్చు ఎప్పుడును వాయిదా వేయదగినదిగనే కానవచ్చును. జంటచదువును గూర్చి నేనింత పట్టుదలతో వ్రాయుటకు గల కారణములలో నగరము గ్రామపు విషాదము ప్రధానమైనది.

ఈ జంటచదువు ప్రపంచమున పలువిధములుగా నడచుచున్నది. ఆస్ట్రేలియాలో మొనాష్ మొదలైన విశ్వవిద్యాలయములు వాణిజ్య, విజ్ఞాన పట్టములను రెంటిని కలిపి నాలుగేండ్లలో ఇచ్చుచున్నవి. విడివిడిగా చదివినచో మూడేసి ఏండ్లు పట్టు చదువులు, ఐచ్ఛిక విషయముల స్థానమున రెండవ పట్టపు విషయములను చేర్చుటచేత, ఇట్లు కుదింపబడును. మన పిల్లలు ఆ దేశమునకు పెద్దసంఖ్యలో పోవుచున్నారు గనుక వారి తల్లిదండ్రులు ఈ సంగతి నెరిగియుండుట మేలు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము తన వార్టన్ వ్యాపారవిద్యాలయమును ఇంజినీరింగు విద్యాలయముతో జతచేసి 1977 మొదలు జంటపట్టపు కార్యక్రమమును నిర్వహించుచున్నది. మన హైదరాబాదులోని బిట్స్ ప్రాంగణమున ఆర్థికశాస్త్రపు ఎం.ఎస్సీ.తోపాటు ఇంజినీరింగు పట్టమును అయిదేండ్లలో పొందు వీలున్నది.

ఐతే అమలాపురమునకో రాజోలునకో బస్సెక్కి కళాశాలకు పోవు సామాన్య విద్యార్థికి ఇవి దూరపు కొండలు. అతనికి అందుబాటులోనున్న మార్గములు మూడు. మొదటిది, డిగ్రీలోనే ఒక ప్రధానశాస్త్రమును, దానికి తోడుగా ఒక ఉపశాస్త్రమును ఎన్నుకొనుట. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక చట్రము ప్రకారము మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సుకు 160 క్రెడిట్లు కావలయును. మూడేండ్ల డిగ్రీలో వానియందు కనీసము 60 ప్రధానశాస్త్రమునకును, 24 ఉపశాస్త్రమునకును చెందును. ఒక క్రెడిట్ అనగా పదునైదు గంటల బోధన. కనుక ఉపశాస్త్రముగా వాణిజ్యమును తీసికొన్న రసాయనశాస్త్ర విద్యార్థి సుమారు 360 గంటలపాటు గణకశాస్త్రము, వ్యాపారసంస్థల నిర్వహణ, పన్నులు, బ్యాంకింగు మొదలగువానిని అభ్యసించునన్నమాట. ఇది పైపై పరిచయము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరమునుండి మేజర్, మైనర్ పద్ధతి డిగ్రీ కళాశాలలలో ప్రవేశపెట్టబడినది. ఆచరణలో చాలమంది రసాయనశాస్త్రమునకు తోడుగా భౌతికశాస్త్రమునో, వృక్షశాస్త్రమునకు తోడుగా జంతుశాస్త్రమునో తీసికొని, తలుపు తెరచియున్నను గడప దాటక నిలిచిపోవుచున్నారు.

రెండవది, ఏకకాలమున రెండు పట్టములు చదువుట. 2022 ఏప్రిలులో నిధుల సంఘము దీనికి అనుమతి నిచ్చినది: తరగతుల వేళలు ఒకదానితో నొకటి ఢీకొననిచో రెంటిని కళాశాలలోనే చదువవచ్చును, లేదా ఒకదానిని కళాశాలలో, రెండవదానిని దూరవిద్య ద్వారా చదువవచ్చును. ఉదయమంతయు అమలాపురములో బి.ఎస్సీ. ప్రయోగశాలయందు గడిపి, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునందు బి.కాం.కు పేరు నమోదు చేయించుకొనుట నేడు నియమబద్ధమే. స్వీయక్రమశిక్షణ గలవారికి తప్ప ఇది తగదు. సెమిస్టర్ పరీక్షలు రెండు వైపులనుండి వచ్చి మీదబడునప్పుడు తొట్రుపడువారే ఎక్కువ.

మూడవది, ముందు విజ్ఞానశాస్త్రమున గట్టి పునాది వేసికొని, పిమ్మట వ్యాపారనిర్వహణ నేర్చుట. వ్యవసాయశాస్త్ర పట్టభద్రులకు ఈ మార్గము తెలుగునాట చక్కగా ఏర్పడియున్నది. హైదరాబాదులో 1987న స్థాపితమైన ‘మేనేజ్’ సంస్థ 1996నుండి వ్యవసాయవ్యాపార నిర్వహణలో రెండేండ్ల స్నాతకోత్తర డిప్లొమాను నడుపుచున్నది. అదే నగరమునందలి జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీయందును, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము పక్షమున తిరుపతిలోను ఇట్టి చదువులున్నవి. వెంకటరామన్నగూడెములోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యానవిశ్వవిద్యాలయమున చదివి, దాని అంబాజీపేట పరిశోధనస్థానమున రూపొందిన ‘గోదావరి గంగ’ సంకరరకపు గుణములను, కొబ్బరిని పీడించు తెల్లదోమకు పరాన్నజీవులతో చేయు చికిత్సను తెలిసికొన్న పట్టభద్రుడు, ఆపై వ్యాపారనిర్వహణ కూడ నేర్చినచో, ఒక నర్సరీనో, రైతు ఉత్పత్తిదారుల సంస్థనో, పీచు, కోకోపీట్ కర్మాగారమునో సమర్థముగా నడుపగలడు.

విజ్ఞానము వాణిజ్యముతో చేయి కలిపిన యెడల ఏమి సాధింపవచ్చునో చూపుటకు పరదేశముల పేర్లు చెప్పనక్కరలేదు. గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపురైతు కుమారుడైన కల్లం అంజిరెడ్డి గుంటూరులో బి.ఎస్సీ., బొంబాయిలో ఔషధరసాయనముల చదువు, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలయందు డాక్టరేటు ముగించి, హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో తన పేరిట సంస్థను స్థాపించి, తెలుగుదేశపు మందులను ప్రపంచవిపణికి పంపినాడు. వరప్రసాద్‌రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకాను విదేశీ టీకాకన్న మిక్కిలి తక్కువ ధరకు విడుదల చేసి, సామాన్యుని బిడ్డకు అందుబాటులోనికి తెచ్చినది. అక్కడ శాస్త్రసాధన ఎంతటిదో, ధరను నిర్ణయించిన వివేకమును అంతటిదే. గోదావరికి ఆవలి గట్టున తణుకులో 1947న పుట్టిన ఆంధ్రా షుగర్స్, ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ నాయకత్వమున చక్కెరతో ఆరంభించి, కాస్టిక్ సోడాకు, ఆస్పిరిన్‌కు, తుదకు ఇస్రో రాకెట్ల ద్రవ ఇంధనమునకు విస్తరించినది. అంతకు వందేండ్ల పూర్వము ఆర్థర్ కాటన్ దొర, గోదావరి ప్రవాహమును కొలిచినంత శ్రద్ధతోనే ఆనకట్ట వ్యయమును, దానివలన సర్కారుకు రాగల శిస్తును లెక్కకట్టి, పైవారిని ఒప్పించినందుననే 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై ఈ సీమ పచ్చబడినది. వీరిలో ఎవరికిని నేటి జంటపట్టము లేదు. వారు జీవితమున కష్టించి సంపాదించిన ఎరుకను, నేటి విద్యార్థికి కళాశాలలోనే మొదలు పెట్టించుట మన పని.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. రెండు శాస్త్రములు చదువువాడు రెంటికి చెడిన రేవడి యగునని కొందరు అధ్యాపకులే భయపడుచున్నారు. ఆ భయము నిరాధారము కాదు. ఎం.ఎస్సీ. రసాయనశాస్త్రములో చేరి పరిశోధకుడు కాదలచినవానికి ఉపశాస్త్రముగా భౌతికశాస్త్రమో గణితమో ఎక్కువ ఉపకరించును. చార్టర్డ్ అకౌంటెంటు కాదలచినవానికి ప్రయోగశాలయందు గడపు గంటలు భారమగును. అట్టివారికి ఈ చదువు వలదు. ఒక పరిశ్రమలో నాణ్యతను పరీక్షించుట మొదలు సరుకు అమ్ముటవరకు గల పనులలో ప్రవేశింపదలచినవారికి, సొంత పరిశ్రమను స్థాపింపదలచినవారికి, బ్యాంకులలో వ్యవసాయ పారిశ్రామిక ఋణములను పరిశీలింపగోరువారికి, ఆహారభద్రత, పర్యావరణ తనిఖీలలో పనిచేయగోరువారికి ఇది తగిన చదువు. అప్పుడును రెండింటిలో ఒకటి వెన్నెముకగా నిలువవలెను. విజ్ఞానశాస్త్రమే ఆ వెన్నెముకగా నుండుట మంచిదని నా అభిప్రాయము. ఏలయన, జమాఖర్చులను ముప్పదియేండ్ల వయసునను స్వయముగా నేర్వవచ్చును గాని, ప్రయోగశాలయందలి హస్తనైపుణ్యమును, కొలతయందలి నిజాయితీని ఆ వయసున క్రొత్తగా అలవరచుకొనుట కష్టము.

చేరదలచిన విద్యార్థి కళాశాలలో మొదట అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. సైన్సు ప్రధానముగా తీసికొన్నవారికి వాణిజ్యమును ఉపశాస్త్రముగా ఇచ్చుటకు ఈ సంవత్సరపు నియమములు అంగీకరించుచున్నవా? అంగీకరించినను, ఆ తరగతులును ప్రాక్టికల్సును ఒకే వేళకు పడకుండ కాలపట్టిక వేయగలరా? వాణిజ్యమును బోధించుటకు తగిన అధ్యాపకులున్నారా? ఇంటర్న్‌షిప్‌ను కాగితముపై ముగింపక, కొబ్బరినూనె మిల్లులోనో, రొయ్యల శుద్ధికర్మాగారములోనో, సహకారసంఘములోనో నిజముగా చేయింతురా? గణాంకశాస్త్రము పాఠ్యభాగమున నున్నదా? ఈ చివరిదానిని నేను ప్రత్యేకించి నొక్కిచెప్పుచున్నాను: ప్రయోగశాలలోని కొలతకును విపణిలోని ధరకును నడుమ వంతెన గణాంకశాస్త్రమే.

తాటిపాక పరిసరములలోని తల్లిదండ్రులకు, కళాశాలల పెద్దలకు నా విన్నపము ఇంతే. మీ పిల్లలను ఇంటర్మీడియట్ ముగిసిన వెంటనే ఊరు విడిచిపోవు చదువులకే తరుముట మాని, ఈ నేల సంపదతో బ్రతుకు ముడివేసికొనగోరు కొందరికైనను రెండు శాస్త్రములను కలిపి చదువు అవకాశమును కల్పింపుడు. రసాయనశాస్త్ర శాఖయు వాణిజ్యశాస్త్ర శాఖయు కలిసి కూర్చుండి ఒక్క కాలపట్టికను సవరించుకొన్నచో చాలును, క్రొత్త భవనముగాని క్రొత్త నిధిగాని అక్కరలేదు. రాబోవు విద్యాసంవత్సరపు ప్రవేశములకు ముందే ఆ సమావేశము జరుగునట్లు చూచుట, కళాశాల పాలకవర్గములలో నున్న ప్రతి పెద్దమనిషి బాధ్యత.